పులి ఉన్న ప్రతి సినిమా పిల్లల సినిమా కాదు: అడవి సాహస చిత్రాల్లో మీ ఇంటికి ఏది తగినది?

సెలవు రోజు రాత్రి భోజనాలయ్యాక అందరూ టీవీ ముందు చేరినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఐదేళ్ల పిల్లకు జంతువులు కావాలి, పన్నెండేళ్లవాడికి ఒళ్లు గగుర్పొడిచే ఘట్టాలు కావాలి, ఇంగ్లీషు సంభాషణలు అందని అమ్మమ్మకు కథ తెలియాలి, మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లవలసినవాళ్లకు పదిన్నరకల్లా సినిమా అయిపోవాలి. అడవిలోనో, సముద్రం మీదో, మనుషులు లేని దీవిలోనో నడిచే సాహస చిత్రాలు ఈ నలుగురినీ ఒకచోట కూర్చోబెడతాయని పేరు. ఆ పేరు కొంతవరకు నిజమే గాని, ఏ చిత్రం ఏ ఇంటికి సరిపోతుందో పోస్టరు మీది పులిని చూసి తేల్చలేం. ఈ కోవలో నేను పిల్లలతో కలిసి చూసిన, మళ్లీ చూడడానికి ఇష్టపడే ఏడు చిత్రాలను ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను.

## ముందుగా చూసుకోవలసినవి

వీటన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. పిల్లవాడు ఒంటరిగా అడవిని ఎదుర్కోవాలంటే, చేయి పట్టుకుని నడిపించే పెద్దవాళ్లు ముందు కథలోంచి తప్పుకోవాలి. వాళ్లు ఉన్నంతసేపూ అది విహారయాత్రే తప్ప సాహసం కాదు. అందుకే ఈ ఏడింటిలో ఐదింట్లో పిల్లలు తల్లినో, తండ్రినో, పెంచినవారినో పోగొట్టుకుంటారు. కాబట్టి నా దృష్టిలో మొట్టమొదట అడగవలసిన ప్రశ్న ఇది: పెద్దవాళ్లను ఈ సినిమా ఎలా దూరం చేస్తుంది, ఆ దృశ్యాన్ని కళ్లకు కట్టినట్టు చూపిస్తుందా లేక ఒక మాటతో దాటేస్తుందా? పులి గాండ్రింపుకు భయపడ్డ పిల్ల పది నిమిషాల్లో తేరుకుంటుంది. అమ్మ తిరిగి రాని సినిమా చూసిన పిల్ల మాత్రం పడుకునేముందు వంటింట్లోకి వచ్చి, అమ్మ అక్కడే ఉందో లేదో చూసుకుని వెళుతుంది.

రెండోది భాష. తెలుగు అనువాదం ఉందా లేదా అన్నదొక్కటే కాదు, అసలు ఆ కథకు మాటలు ఎంత అవసరమన్నది కూడా చూడాలి. కొన్ని చిత్రాల్లో అరగంట పాటు ఒక్క మాట లేకపోయినా కథ ఆగదు. మరికొన్నింటిలో నవ్వంతా మాటల్లోనే ఉంటుంది, అవి అందకపోతే మిగిలేది కుక్కలు పరుగెత్తడమే.

మూడోది, జంతువు మాట్లాడుతుందా, జంతువుగానే మిగులుతుందా అన్నది. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గాని చిత్రం స్వభావాన్నే మార్చేస్తుంది. మాట్లాడే ఎలుగుబంటి పిల్లలకు మావయ్యలాంటిది, దాని పక్కన భయం ఉండదు. మాట్లాడని పులి మనసులో ఏముందో చివరిదాకా తెలియదు. అడవి అంటే ఏమిటో పిల్లలకు తెలియాలంటే మాట్లాడని జంతువే కావాలి. హాయిగా నిద్రపోవాలంటే మాట్లాడేదే మేలు.

సర్టిఫికెట్టును మాత్రం పూర్తిగా నమ్ముకోకూడదు. మన సెన్సారు బోర్డు 2024 నుంచి యూఏను, అంటే పిల్లలు పెద్దల తోడుతో చూడవచ్చన్న ముద్రను, 7, 13, 16 ఏళ్ల అంచెలుగా విడగొట్టింది. అది మంచి మార్పే, కాని అంతకుముందు వచ్చిన చిత్రాల మీద ఉన్నది పాత యూఏ ముద్రే. అమెరికావాళ్ల లెక్క కూడా అంతే. అక్కడ అన్ని వయసులవారికీ తగినదని జీ ముద్ర పొందిన ‘ది బ్లాక్ స్టాలియన్’లో అర్ధరాత్రి ఓడ తగలబడి మునిగే ఘట్టం, పెద్దల తోడు మంచిదని పీజీ ముద్ర పడ్డ ‘ఫ్లై అవే హోమ్’ మొత్తం కంటే భయంకరంగా ఉంటుంది.

| చిత్రం | ఏడాది | నిడివి, సుమారుగా | పెద్దవాళ్లు ఎలా దూరమవుతారు | మాటల అవసరం | నా లెక్కలో కనీస వయసు |
|---|---|---|---|---|---|
| ది ఎలిఫెంట్ విస్పరర్స్ | 2022 | 40 నిమిషాలు | ఏనుగు పిల్ల తల్లి మరణం మాటల్లోనే వస్తుంది | తక్కువ | 5 |
| హోంవర్డ్ బౌండ్ | 1993 | 84 నిమిషాలు | ఎవరూ చనిపోరు, యజమానులు కొన్నాళ్లు ఊరు మారతారు | చాలా ఎక్కువ | 5 |
| ది జంగిల్ బుక్ | 2016 | 105 నిమిషాలు | తండ్రి మరణం పాత జ్ఞాపకంగా వస్తుంది | ఎక్కువ, తెలుగులో ఉంది | 7 |
| ఫ్లై అవే హోమ్ | 1996 | 107 నిమిషాలు | తల్లి కారు ప్రమాదంలో, ఆరంభంలోనే | మధ్యస్థం | 8 |
| ది బ్లాక్ స్టాలియన్ | 1979 | 118 నిమిషాలు | తండ్రి ఓడ ప్రమాదంలో | మొదటి సగంలో చాలా తక్కువ | 8 |
| లైఫ్ ఆఫ్ పై | 2012 | 127 నిమిషాలు | కుటుంబమంతా ఓడతో పాటు | మధ్యస్థం, తెలుగులో ఉంది | 11 |
| హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్ | 2016 | 101 నిమిషాలు | పెంచిన అత్త హఠాత్తుగా | చాలా ఎక్కువ | 12 |

## తెలుగులో దొరికే రెండింటి మధ్య: మోగ్లీయా, పైయా?

చాలా ఇళ్లలో తగవు చివరికి ఈ రెండింటి మధ్యకే వచ్చి ఆగుతుంది. రెండూ తెలుగులో విడుదలైనవే, రెండింటిలోనూ బెంగాల్ పులి ఉంది, రెండింటి కథా మన దేశంలోనే మొదలవుతుంది. పోలిక అక్కడితో సరి.

జాన్ ఫావ్రో తీసిన ‘ది జంగిల్ బుక్’ మన దేశంలో అమెరికా కంటే వారం ముందే, 2016 ఏప్రిల్ 8న విడుదలయింది. మోగ్లీగా నీల్ సేథీ ఒక్కడే నిజం, మిగతా అడవంతా లాస్ ఏంజెలెస్‌లోని స్టూడియోలో కంప్యూటర్లతో అల్లినది. అయినా ఆ తడి ఆకులు, బురద గట్లు చూస్తున్నప్పుడు ఆ సంగతి గుర్తుకు రాదు. అప్పట్లో మన బోర్డు దీనికి యూఏ ఇచ్చి, త్రీడీలో జంతువులు మీదికి దూకుతున్నట్టు ఉంటాయని కారణం చెబితే చాలామంది నవ్వారు. నేనూ నవ్వినవాణ్ణే. తర్వాత ఇంట్లో, త్రీడీ కాని మామూలు టీవీలోనే చూస్తున్నప్పుడు, షేర్‌ఖాన్ అనే పులి, తోడేళ్ల నాయకుడు అకేలాను మెడ పట్టి కొండ మీంచి విసిరేసిన క్షణంలో మా ఆరేళ్ల పిల్ల చప్పుడు చేయకుండా లేచి వచ్చి నా ఒళ్లో కూర్చుంది. ఆ దెబ్బ మాటల మధ్యలో, ఏ సంగీత హెచ్చరికా లేకుండా పడుతుంది. బోర్డు చెప్పిన కారణం తప్పు కావచ్చు గాని, వేసిన ముద్ర సరైనదే.

అయినా దీన్ని ఏడేళ్లు దాటిన పిల్లలున్న ఇంటికి మొదటి ఎంపికగా సూచిస్తాను, దానికి కారణం ఎలుగుబంటి బల్లూ పాటలు కాదు. ఎండాకాలంలో నది ఎండిపోయి ఒక బండ పైకి తేలితే, దాన్ని చూసిన జంతువులన్నీ వేట మాని ఒకే మడుగులో నీళ్లు తాగాలన్న కట్టుబాటు ఇందులో ఉంది. జింక పక్కన పులి తల వంచి నీళ్లు తాగుతుంది. ఎవరూ కదలరు. నీటి కరువు చూసిన ఇంట్లో ఆ దృశ్యానికి అనువాదం అవసరం లేదు. కిప్లింగ్ 1894లో అచ్చువేసిన కథల్లోని సియోనీ కొండలు, వైన్‌గంగ నది మధ్యప్రదేశ్‌లో నిజంగా ఉన్నవే. ఆ వైన్‌గంగే వార్ధాతో కలిసి ప్రాణహితగా మారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మోగ్లీ ఈదిన నీళ్లే మన రాజమండ్రి రేవుకు వస్తాయని చెబితే పిల్లల ముఖాలు ఎలా వెలుగుతాయో ఒకసారి చూడండి.

ఆంగ్ లీ తీసిన ‘లైఫ్ ఆఫ్ పై’ పుదుచ్చేరిలోని జంతు ప్రదర్శనశాలలో మొదలై, ఓడ మునిగాక ‘పై’ అనే కుర్రవాడు, ఒక పులి పసిఫిక్ మహాసముద్రంలో ఒకే పడవ మీద గడిపిన 227 రోజులతో సాగుతుంది. తైవాన్‌లోని తైచుంగ్‌లో కట్టిన అలల తొట్టిలో ఆ సముద్రాన్ని సృష్టించారు. ఉత్తమ దర్శకత్వంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చాయి. తల్లిగా టబు, తండ్రిగా ఆదిల్ హుస్సేన్, పెద్దవాడైన ‘పై’ పాత్రలో ఇర్ఫాన్ ఖాన్ కనిపిస్తారు కనుక ఇంట్లో పెద్దలకు ముఖాలు కొత్తగా ఉండవు.

దీనికి పదకొండేళ్లు అని ఎందుకు గీత గీశానంటే, రెండు ఘట్టాలున్నాయి. మొదటిది బోనులోని పులికి చేత్తో మాంసం అందించబోయిన కొడుక్కి బుద్ధి చెప్పడానికి, తండ్రి ఒక మేకను ఊచలకు కట్టించి పులి దాన్ని లాక్కుపోవడాన్ని దగ్గరుండి చూపించడం. పులి నీ స్నేహితుడు కాదు, దాని కళ్లలో నీకు కనిపించేది నీ మనసు ప్రతిబింబమేనన్నది ఆ తండ్రి వాదన. రెండోది పడవలో దుమ్ములగొండి జీబ్రానూ, ఒరాంగుటాన్‌నూ చంపడం. నెత్తురు మరీ ఎక్కువగా చూపించరు గాని, సముద్రం మధ్యలో తప్పించుకునే చోటు లేదన్న భావం చిన్నపిల్లలను ఊపిరాడనివ్వదు. వీటికి తోడు చివర్లో ఆసుపత్రి మంచం మీద నుంచి ‘పై’ చెప్పే రెండో కథ ఉంది. అది కేవలం మాటల్లో వస్తుంది. చిన్నపిల్లలకు అర్థం కాక దాటిపోతుంది. అర్థమయ్యే వయసువారికి మాత్రం అంతవరకు చూసిందంతా తలకిందులవుతుంది.

తూకం వేయవలసింది ఇక్కడే. బల్లూ, నల్ల చిరుత బగీరా మోగ్లీని విడిచిపెట్టరు. రిచర్డ్ పార్కర్ అన్న ఆ పులి మాత్రం ఒడ్డు చేరాక అడవి అంచున ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్లిపోతుంది. అంతకాలం కలిసి బతికిన జంతువు వీడ్కోలు చెప్పకుండా పోవడాన్ని పన్నెండేళ్లవాడు అన్యాయం అంటాడు, పదిహేనేళ్లది మౌనంగా ఉంటుంది. ఆ సంభాషణకు మీ ఇల్లు సిద్ధమైతే ‘పై’ని ఎంచుకోండి, లేదా మోగ్లీతో మరో రెండేళ్లు గడపండి. ‘లైఫ్ ఆఫ్ పై’ని రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టవద్దని కూడా చెప్పాలి. రెండు గంటల పైచిలుకు నిడివి, ఆ తర్వాత ఏది నిజం కథ అన్న వాదన కలిపి పదకొండున్నర దాటుతుంది.

## మాటలు అక్కరలేని గుర్రం

కారల్ బల్లార్డ్ తీసిన ‘ది బ్లాక్ స్టాలియన్’ పేరు మన దగ్గర పెద్దగా వినబడదు. అది అన్యాయమే. ఆఫ్రికా ఉత్తర తీరానికి దగ్గర్లో ఓడ మునిగిపోగా, అలెక్ అనే కుర్రవాడు, ఒక నల్లని అరబ్బు గుర్రం మనుషులు లేని దీవికి కొట్టుకొస్తారు. అక్కడి నుంచి దాదాపు అరగంట సేపు సంభాషణ లేదు. ఇటలీకి చెందిన సార్డీనియా తీరంలో తీసిన ఆ దృశ్యాల్లో వినబడేవి గాలి, అలలు, గిట్టల చప్పుడు, సంగీతమే.

అందులో ఒక ఘట్టాన్ని కాస్త వివరంగా చెప్పాలి. కుర్రవాడు సముద్రపు నాచు తెచ్చి గుర్రానికి అందిస్తాడు. గుర్రం రాదు. అతను మెడ తిప్పేసుకుని, చేయి మాత్రం చాచి ఉంచుతాడు. గుర్రం రెండడుగులు వేసి ఆగుతుంది, తల విదిలిస్తుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. ఇదంతా దూరం నుంచి, మాటిమాటికీ షాటు మార్చకుండా, తొందర లేకుండా సాగుతుంది. ఇంగ్లీషు రాని అమ్మమ్మ ఈ సినిమాను అందరికంటే బాగా అర్థం చేసుకున్నదంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. పశువును మచ్చిక చేయడమంటే ఏమిటో ఆవిడకు సినిమా చెప్పనక్కరలేదు.

లోపాలూ ఉన్నాయి. మొదట్లోని ఓడ ప్రమాదంలో తండ్రిని కోల్పోవడం, చీకట్లో నీళ్ల కింద కాళ్లు కొట్టుకోవడం చిన్నపిల్లలకు భారమైన దృశ్యాలు. రెండో సగం ఊళ్లోకి వచ్చి గుర్రపు పందెం కథగా మారుతుంది. మికీ రూనీ నటన బాగున్నా, అడవి కోసం కూర్చున్నవారికి అక్కడ ఆసక్తి సడలుతుంది. నిమిషానికొక మలుపు కోరుకునే పిల్లలకు దీవి భాగమే విసుగనిపించవచ్చు. ఫోను రీళ్లకు అలవాటైన కళ్లకు మొదటి పావుగంట కష్టం, ఆ తర్వాత సర్దుకుంటారు.

## అదే దర్శకుడి బాతులు

పదిహేడేళ్ల తర్వాత అదే బల్లార్డ్, అదే ఛాయాగ్రాహకుడు కేలెబ్ డెషనెల్‌తో ‘ఫ్లై అవే హోమ్’ తీశారు. తల్లి పోయిన పదమూడేళ్ల అమ్మాయి కెనడాలో ఉంటున్న తండ్రి దగ్గరికి వస్తుంది. యంత్రాలు చెట్లను కూల్చిన చోట దిక్కులేని పెద్దబాతు గుడ్లను తెచ్చి, దీపం వెచ్చదనంలో పొదిగిస్తుంది. గుడ్డు పగిలాక మొదట కనిపించినదాన్నే తల్లి అనుకోవడం బాతుపిల్లల నైజం కాబట్టి అవి ఆ అమ్మాయి వెంటే పడతాయి. శీతాకాలానికి దక్షిణానికి వెళ్లే దారి నేర్పే తల్లి లేదు గనుక, తండ్రీ కూతుళ్లు చిన్న తేలిక విమానాల్లో ముందు ఎగురుతూ వాటికి దారి చూపిస్తారు. ఇది వట్టి కల్పన కాదు. కెనడాకు చెందిన బిల్ లిష్మన్ 1993లో ఆంటారియో నుంచి వర్జీనియా దాకా నిజంగానే పెద్దబాతులను ఇలా తీసుకెళ్లారు.

తల్లి మరణం సినిమా పేర్లు పడుతుండగానే, క్షణాల్లో అయిపోతుంది. తర్వాత కథంతా ఆ గాయం మానడం గురించే కనుక, ఈ ఏడింటిలో పిల్లల దుఃఖాన్ని అన్నిటికంటే నెమ్మదిగా, మర్యాదగా పట్టించుకున్న చిత్రం ఇదే అంటాను. ఇంట్లో ఈమధ్య ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే మాత్రం ముందు పెద్దలు ఒకసారి చూసి, ఆ తర్వాత నిర్ణయించండి. నేలపట్టుకు ఏటా వచ్చే గూడబాతులను చూసివచ్చిన పిల్లలకు, పక్షులకు దారి ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అప్పటికే ఉంటుంది. వాళ్లకు ఇది మోగ్లీ కంటే బాగా నచ్చవచ్చు.

## మరీ చిన్నవాళ్లుంటే

‘హోంవర్డ్ బౌండ్’లో రెండు కుక్కలు, ఒక పిల్లి కొండలు దాటి ఇంటికి చేరతాయి. జలపాతం, ఎలుగుబంటి, కొండసింహం, ముఖానికి గుచ్చుకున్న ఏదుపంది ముళ్లు అన్నీ ఉన్నా చివరికి అందరూ క్షేమం. నిడివి కూడా గంటన్నర లోపే. చిక్కల్లా ఒకటే: జంతువుల మనసులోని మాటలుగా నడిచే హాస్యమంతా ఇంగ్లీషు చమత్కారాలే. ఆ భాష అలవాటైన పిల్లలకు పండగ, అమ్మమ్మకు శిక్ష.

అందుకే మరీ చిన్నవాళ్లూ, మరీ పెద్దవాళ్లూ కలిసి ఉన్న ఇంటికి నేను ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ చెబుతాను. ఇది కల్పిత కథ కాదు, డాక్యుమెంటరీ. తమిళనాడులోని ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో బొమ్మన్, బెల్లి దంపతులు తల్లిలేని రఘు అనే గున్న ఏనుగును పెంచడమే విషయం. నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చిన రాత్రే కార్తికి గొన్సాల్వెస్ తీసిన ఈ చిత్రానికీ వచ్చింది, కాని మన ఇళ్లలో ఆ సంబరంలో దీన్ని చూడడం మరిచిపోయారు. సాహసం అన్న మాటకు ఇందులో పరుగులూ గెంతులూ లేవు. ఏనుగుకు స్నానం చేయించడం, మూతి తుడవడం, తిండి దగ్గర అది మారాం చేయడం ఉన్నాయి. పెరిగిన రఘును వేరే మావటికి అప్పగించే చోట పెద్దవాళ్లే కళ్లు తుడుచుకుంటారు.

## పెద్ద పిల్లలకు మాత్రమే

తైకా వైతీతీ తీసిన ‘హంట్ ఫర్ ది వైల్డర్‌పీపుల్’ న్యూజిలాండ్ అడవుల్లో నడుస్తుంది. ఎవరికీ అక్కరలేని కుర్రవాడు రికీ, చిరాకు మనిషి హెక్ అడవిలో చిక్కుకుపోతే, వాళ్లను పట్టుకోవడానికి దేశమే కదులుతుంది. ఏడింటిలోనూ ఎక్కువగా నవ్వించేది ఇదే. కాని అడవిపందిని కత్తితో పొడిచే దృశ్యం, ఒక కుక్క మరణం ఉన్నాయి గనుక పన్నెండేళ్ల లోపు వద్దు. కుక్కను పెంచుకునే ఇల్లయితే ఆ వయసు దాటినా ముందే చెప్పి కూర్చోబెట్టండి.

మన మన్యం నేపథ్యంలో తెలుగులోనే ఏదైనా లేదా అని అడిగేవారు ‘మన్యంపులి’ వైపు చూస్తారు. అది మలయాళం ‘పులిమురుగన్’కు అనువాదం, మోహన్‌లాల్ పోరాటాలు అద్భుతమే గాని పిల్లల కోసం తీసినది కాదు. రానా నటించిన ‘అరణ్య’ (2021) ఏనుగుల దారిని మూసేసే గోడ గురించిన కథ. విషయం విలువైనదే అయినా, అందులోని హింస, ఆవేశం హైస్కూలు పిల్లలకు తగినవి.

## వయసుల తేడా ఎక్కువున్న ఇంట్లో

ఐదేళ్లదీ పద్నాలుగేళ్లవాడూ ఒకే సోఫాలో ఉంటే ఏ ఒక్క సినిమా ఇద్దరికీ సరిపోదు. మేము పాటించే పద్ధతి ఒకటుంది. ‘ది బ్లాక్ స్టాలియన్’లో ఓడ మునిగే ఘట్టాన్ని ముందుకు జరిపేసి, కథను నాలుగు మాటల్లో చెప్పి, దీవి దగ్గర మొదలుపెడతాం. గుర్రమెక్కి ఒడ్డు వెంబడి నీళ్లలో దౌడు తీసే చోటికి వచ్చేసరికి చిన్నదానికి నిద్ర ముంచుకొస్తుంది. కుర్రవాణ్ణి కాపాడే పడవ రాగానే ఆపేసి దాన్ని పడుకోబెడతాం. దానికి సినిమా అక్కడితో పూర్తయింది. పెద్దవాడు మర్నాడు సాయంత్రం వదిలేసిన ఓడ భాగాన్నీ, మిగిలిన గుర్రపు పందేన్నీ కలిపి చూసుకుంటాడు.